విడిచిన మేకు

పాత చెక్కలో మేకు ఎక్కడుందో నా అరచేతికి తెలుస్తుంది. గొప్ప కోసం అనడం లేదు, అది నా పని. రంగు కింద దాక్కున్న మేకు, తల తెగి లోపలే ఉండిపోయిన మేకు, తుప్పుపట్టి చెక్కలో కలిసిపోయిన మేకు, దేనికైనా చెయ్యి ఒకసారి అలా పోనిస్తే చాలు, ఆగవలసిన చోట ఆగుతుంది. ఇన్నేళ్ళలో నా చేతికి తెలిసీ నేను విడిచిపెట్టిన మేకు ఒక్కటే. రెండువేల ఆరు వేసవిలో.

తమిళనాట కోవిల్‌పట్టిలో, ఎట్టయాపురం రోడ్డు మీద, దామోదరసామి గారి పాత చెక్కల డిపో ఉండేది. ఆయన్ని మేం ముదలాళి అనేవాళ్ళం. మా వైపు జీతమిచ్చే మనిషి ఎవరైనా ముదలాళే. కూల్చిన ఇళ్ళ ద్వారబంధాలు, తూత్తుకుడి హార్బరులో సామాను దించాక పారేసే పెట్టెల పలకలు, మూతపడిన అగ్గిపెట్టెల ఫ్యాక్టరీల్లో పుల్లల చట్రాలు పెట్టే చెక్క రాకులు అన్నీ అక్కడికి వచ్చేవి. ఆ రాకుల్లో కొన్ని నేను పనిచేసిన ఫ్యాక్టరీవే. చిన్నప్పటి నుంచి వాటి పక్కనే కూర్చుని చట్రాల్లో పుల్లలు పేర్చాను. మిషన్లు వచ్చి ఫ్యాక్టరీ మూసేశాక, రాకులూ నేనూ ఒకే డిపోకు చేరాం.

అంతకు ముందు ముదలాళి ఆ చెక్కల్ని పొయ్యికట్టెలుగా హోటళ్ళకు అమ్మేవాడు. ఆ ఏడు విరుదునగర్ దాటాక కట్టెలు మండించి కరెంటు తీసే మిల్లు ఒకటి వచ్చింది. వాళ్ళకు చెక్క చెక్కగా పనికిరాదు, వేలెడేసి ముక్కలుగా కావాలి. అందుకని ముదలాళి వత్రాప్ నుంచి ఒక ట్రాక్టరునూ, దాని వెనక తగిలించే ముక్కల మిషనునూ బాడుగకు మాట్లాడాడు. పంగుని నెల తిరునాళ్ళు అయిన మూడో రోజు అది డిపోలోకి వచ్చింది.

ట్రాక్టరు వెనక తిరిగే ఇనుప కడ్డీయే మిషనుకు బలం. ఒక పక్క వెడల్పాటి నోరు. ఆ నోట్లో పలక పెడితే పళ్ళ చక్రాలు రెండు పట్టుకుని లోపలికి లాగేస్తాయి. లోపల తిరిగే పీపాకు బిగించిన బ్లేడ్లు దాన్ని ముక్కలు చేస్తాయి. పైన వంకీ తిరిగిన గొట్టంలోంచి ముక్కలు లారీలోకి ఎగిరిపడతాయి. ఎవరో ఎప్పుడో పసుపు రాసి, కుంకుమ పెట్టి నిలబెట్టుకున్న ద్వారబంధం, నేను ఊపిరి తీసి విడిచేలోగా పోయేది. మొదటి రోజు నాకు చూడబుద్ధి కాలేదు. రెండో రోజు అలవాటైంది.

ఆ మిషను అన్నీ తింటుంది, ఇనుము మాత్రం తినదు. ఒక్క మేకు పడితే బ్లేడు పోతుంది. కాబట్టి మిషనుకు ముందు నేను. చేతిలో మేకులు ఊడదీసే ఇనుప కడ్డీ, మెడలో తాడుకు కట్టిన అయస్కాంతం. అది మా నాన్న పాత లౌడు స్పీకరులోంచి తీసి పెట్టుకున్నది. పలకను వెలుగుకు తిప్పి, అయస్కాంతం జరిపి, తర్వాత చెయ్యి పోనిచ్చి, మేకులన్నీ తీశాక శుభ్రమైన కుప్పలో వేస్తాను. ఆ కుప్పలోంచి తీసి మిషనుకు పెట్టేది ట్రాక్టరుతో వచ్చిన మనిషి.

అతని పేరు రామసుబ్బు. ముప్పై అయిదు ఏళ్ళుంటాయి, సన్నటి మనిషి, మోతకు చెవుల్లో దూది పెట్టుకునేవాడు. మొదటి మూడు రోజులు నేనతన్ని తమిళంలో అన్నాచ్చీ అని పిలిచాను. మా వైపు పేరు తెలియని మగవాడు ఎవరైనా అన్నాచ్చే. అందులో వరస ఏమీ లేదు.

నాలుగో రోజు నేను పలక ఒకటి అందిస్తుంటే నా చొక్కా చెయ్యి పేడుకు చిక్కుకుంది. చీర మీద మగవాళ్ళ చొక్కా వేసుకుని పనిచేస్తాం మేం. పలకను చక్రాలు పట్టేశాయి. పలకతో పాటు నేనూ ముందుకు పోతున్నాను.

"సెయ్యి ఇడువు! ఇడువు మే!"

అరిచింది అతనే. అరుస్తూనే మీట వెనక్కి గుంజాడు, చక్రాలు వెనక్కి తిరిగాయి. నా చొక్కా చెయ్యి భుజం దాకా చిరిగింది. ఒంటికి ఏమీ కాలేదు. నాకు భయం తెలియడానికి ముందే ఇంకొకటి తెలిసింది. అతను అరిచింది తెలుగులో.

"మీరు మనోళ్ళా?" అన్నాను.

అతను చెవుల్లోంచి దూది తీసి నన్ను కొత్తగా చూశాడు. అప్పుడు గానీ తను ఏ భాషలో అరిచాడో అతనికి తెలియలేదు.

ఇక్కడ మా ఇంటి సంగతి చెప్పాలి. బడిలో, బజారులో, ఫ్యాక్టరీలో అంతా తమిళమే. తెలుగు మాకు గడప లోపలి మాట. మా ఇంట్లో అది నాన్నతో ఉండేది. ఆయన ఎనిమిదేళ్ళు మంచాన ఉన్నాడు, మంచం మీదనుంచే ఊరంతటినీ వెక్కిరించేవాడు. ఆ ఎనిమిదేళ్ళూ ఆయన్ని ఎత్తి దించడంలో నాకు ఇరవైలు అయిపోయి ముప్పై వచ్చింది. చూసి పోయే సంబంధాలు కూడా ఆగిపోయాయి. ఆయన పోయాక అమ్మ నోరు మూతపడింది. మా అమ్మ ముత్తుప్పేచ్చి రోజుకు పది మాటలు ఆడేది. తినినావా, తలుపేసినావా, దీపమార్పు. అంతే. రెండేళ్ళుగా నేను తెలుగు ఆ పది మాటలే విన్నాను.

అలాంటిది, పగలు, డిపో మధ్యలో, ఆ మోతలో, ఒక మగవాడు నాతో ఇంటి మాట మాట్లాడాడు. మా వంటింట్లోకి ఎవరో వచ్చి పీట వాల్చుకుని కూర్చున్నట్టు అనిపించింది. సిగ్గేసింది. లేచి పోకూడదనీ అనిపించింది.

అప్పటి నుంచి బ్లేడ్లు చల్లారేదాకా ఆగే ఆ కాసేపూ మాకు మాటలే. ముదలాళి అటు వస్తే తమిళంలోకి మారేవాళ్ళం, ఆయన పోగానే మళ్ళీ ఇటు వచ్చేవాళ్ళం. నేను సద్ది అన్నదాన్ని అతను చల్ది అనేవాడు. అతని మాటలో అరవం ఎక్కువని నేను వెక్కిరిస్తే, నీ నోట్లోదే ఎక్కువని అతను నన్ను వెక్కిరించేవాడు. వాళ్ళ ఊరి కొండ గురించీ, కొబ్బరితోటల్లో ఏనుగులు పడి చేసే నష్టం గురించీ చెప్పేవాడు. నేను మా నాన్న వెక్కిరింతలు చెప్పేదాన్ని. చెబుతుంటే నాకే నాన్న గొంతు వచ్చేది.

మావాళ్ళు ఇద్దరు కొత్తగా కలిస్తే మొదట అడిగేది ఊరు, రెండోది ఇంటిపేరు. ఇంటిపేరు తెలిస్తే వరస తెలుస్తుంది. ఇద్దరిదీ ఒకటే అయితే, ఎంత దూరపు ఊళ్ళయినా, ముందు వెనక ముఖం ఎరగకపోయినా, అన్నాచెల్లెళ్ళు. వేరైతే పెళ్ళికి అడ్డం లేదు. మేం ఊళ్ళు అడుక్కున్నాం. ఇంటిపేరు అతను అడగలేదు. నేనూ అడగలేదు. నేను అడగకపోవడం మరిచిపోయి కాదు. ముప్పై రెండో ఏట నాకు దొరికిందాన్ని ఒక్క ప్రశ్నతో పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు.

అన్నాచ్చి అనడం మాత్రం మానేశాను. దానికి బదులు ఏమనాలో తెలియక, ఏమీ అనకుండానే రెండు నెలలు మాట్లాడాను. పిలుపు లేకుండా మాట్లాడటం ఎంత కష్టమో చేస్తేగానీ తెలియదు. మనిషి అటు తిరిగి ఉంటే ఇటు తిరిగేదాకా నిలబడాలి. ఇటు తిరిగాక, అప్పుడే వచ్చినట్టు ముఖం పెట్టాలి.

వైకాసి నెల గడిచింది. చెక్కల గుట్ట మా తలలకు పైనుండేది నడుముల దాకా దిగింది. డిపో వెనక గోడ కనిపించసాగింది. ఆ గోడ ఎంత కనిపిస్తే నాకు అంత గుబులు. పని నిదానంగా చేశాను. తీసిన మేకు ఉన్నచోటే మళ్ళీ చెయ్యి పెట్టి చూశాను. చిన్న ముక్కల్ని కూడా పక్కకు పెట్టి, అవీ వెయ్యాలన్నాను. అయినా గుట్ట తరిగిపోతూనే ఉంది. ఒక బుధవారం పొద్దున ముదలాళి వచ్చి శుక్రవారానికి సరుకు అయిపోతుందనీ, శనివారం మిషనును వత్రాప్ పంపించేస్తాననీ చెప్పాడు.

ఆ మధ్యాహ్నం నా చేతికి నీలం రంగు వేసిన పలక ఒకటి వచ్చింది. ఎవరింటి తలుపుదో. అయస్కాంతం ఒకచోట పట్టుకుంది. చెయ్యి పెట్టాను. తల తెగిన మూడంగుళాల మేకు, రంగు కింద నున్నగా ఉంది. కడ్డీతో ఒక్కసారి లేపితే వచ్చేస్తుంది. మిషను ఆగితే ఒకటి రెండు రోజులు అతను ఉంటాడు అనుకున్నాను. అంతకు మించి ఏమీ అనుకోలేదు. పలకను శుభ్రమైన కుప్పలో పెట్టాను. అతను చూడకుండా తీసుకుని మిషను నోట్లో పెట్టాడు. నేను తీసిన కుప్పను అతను ఏనాడూ మళ్ళీ చూసుకోలేదు.

ఆ చప్పుడు నేను చెప్పలేను. అతను మీట గుంజాడు, ట్రాక్టరు ఆపాడు. ముదలాళి పరిగెత్తుకొచ్చాడు. మూత విప్పి చూస్తే రెండు బ్లేడ్ల అంచులు విరిగి ఉన్నాయి. ఎవరి పని అని ముదలాళి అరుస్తుంటే, నేను చేతిలోని కడ్డీని చూస్తూ నిలబడ్డాను. రామసుబ్బు చేతులు గుడ్డకు తుడుచుకుంటూ, తొందరలో తానే మేకులు తియ్యని గుట్టలోంచి ఒక పలక లాగానని తమిళంలో నిదానంగా చెప్పాడు. ముదలాళి అతన్ని అనవలసినవన్నీ అన్నాడు. అతను పడ్డాడు.

బ్లేడ్లు సాన పట్టడం కోవిల్‌పట్టిలో సరిగా చెయ్యరు, విరుదునగర్ పోవాలి. రెండూ బరువైనవి, గోనెపట్టలో చుట్టి ఇద్దరు మొయ్యాలి. ముదలాళి నావైపు తిరిగి, నువ్వూ పో, మేకు ఏం చేస్తుందో కళ్ళారా చూసి రా అన్నాడు. శిక్ష అనుకుని వేశాడాయన. బస్సులో నేను ముందు ఆడవాళ్ళ సీట్లో, బ్లేడు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అతను వెనక ఎక్కడో. సాత్తూరు దాటేదాకా వెనక్కి తిరిగి చూడలేదు. నేను చేసిన ప్రయాణాల్లో అంత సంతోషమైనది ఇంకొకటి లేదు. అది చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

విరుదునగర్ బజారులో మిరపకాయల ఘాటుకు ఇద్దరం తుమ్ముకుంటూ సాన కొట్టు దాకా నడిచాం. మూడు గంటలు పడుతుందన్నారు. పక్కన పరోటా కొట్టులో కూర్చున్నాం. నూనెలో వేయించిన పరోటాలు వచ్చాయి. అతను చొక్కా జేబులోంచి ఏదో తీసి ఆకు పక్కన పెట్టాడు. వంగిపోయిన మేకు, సగం ముక్క. ఒక పక్క ఇంకా నీలం రంగు అంటుకుని ఉంది.

"ఇది నీ సేతికి దొరకని మేకు గాదు," అన్నాడు.

నేను పరోటా వైపు చూశాను.

"రెండు నెల్లుగా సూస్తుండాను. తల లేని మేకు గూడ నీకు తప్పింది లేదు."

"తప్పింది," అన్నాను.

"దీంది ఇంకో సగం నా సెవి పక్కన పొయ్యింది. షెడ్డు రేకుకు బొక్క పడుండాది, పొయ్యి సూడు."

అది నాకు తెలియదు. ఆ చప్పుడులో నేను కళ్ళు మూసుకున్నాను. ఒక రెండు రోజులు అతను ఉండాలని చేసిన పని, అతన్నే లేకుండా చేసి ఉండేది. ఏడుపు ఆగలేదు. కొట్టులో నలుగురూ చూస్తున్నారు. అతను ఓదార్చలేదు. నీళ్ళ గ్లాసు ఇటు జరిపి, తిను, చల్లారిపోతాది అన్నాడు. ఎందుకు చేశావని అడగలేదు. అడగలేదంటే, తెలిసిందనే. మేకును మళ్ళీ జేబులో వేసుకున్నాడు.

కాసేపయ్యాక తనే మొదలుపెట్టాడు. తల్లి పోయేసరికి తను పాలు తాగే పిల్లాడనీ, పద్నాలుగేళ్ళ అక్కే తనను పెంచిందనీ చెప్పాడు. తన కోసం అక్క పెళ్ళి కూడా ఆలస్యంగా చేసుకుందనీ చెప్పాడు.

"అక్కకు ఒగ కూతురుండాది. సుబ్బులక్ష్మి. ఆ పిల్లను..."

"బ్లేడ్లు అయిపొయ్యుంటాయి," అంటూ నేను లేచాను.

అప్పటికి ఒక గంట కూడా కాలేదు. అతను నా ముఖం చూసి, సరి అని చెయ్యి కడుక్కున్నాడు. ఆ మాట పూర్తి చెయ్యనిచ్చి ఉంటే మిగతాదంతా జరిగేది కాదు. మావాళ్ళలో అక్క కూతురంటే తమ్ముడికి పుట్టినప్పటి నుంచీ రాసిపెట్టినట్టే. అది నాకు తెలియని సంగతి కాదు. వినకపోతే లేనట్టే అనుకున్నాను.

మిషను మళ్ళీ తిరిగింది. మిగిలిన చెక్క శనివారంతో అయిపోయింది. సోమవారం పొద్దున అతను బయలుదేరాలి. డిపోలో తెలుగు మాట్లాడే మనిషి ఉన్నాడని అమ్మకు ఎప్పుడో చెప్పాను. ఊ అని ఊరుకుంది. ఆ శనివారం సాయంత్రం మాత్రం, పోయేవాణ్ణి ఒక పూట అన్నానికి పిలువు అంది. తర్వాత కొంచెం ఆగి, ఇంటిపేరు అడిగినావా అంది. లేదన్నాను. అమ్మ నన్ను చాలాసేపు చూసింది. నేనడుగుతాలే అంది.

ఆదివారం మధ్యాహ్నం అమ్మ ఉతికిన చీర కట్టుకుంది. నాన్న పోయాక తియ్యని ఇత్తడి గిన్నె తీసి, గుమ్మడికాయ పులుసు పెట్టింది. అతను తల దువ్వుకుని, అరటిపళ్ళు పట్టుకుని వచ్చాడు. గడప దగ్గర చెప్పులు విడుస్తూ, "బాగుండారా అత్తా," అన్నాడు. తెలియని ఇంటి పెద్దావిణ్ణి మావాళ్ళలో అత్తా అనే అంటారు. అయినా ఆ మాట మా గడపలో వినగానే నా చెవులు వేడెక్కాయి.

అమ్మ రెండేళ్ళ మాటలు ఆ అరగంటలో మాట్లాడింది. నాన్న సంగతి, ఫ్యాక్టరీ సంగతి, ఆకాశవాణిలో తెలుగు పాట కోసం నాన్న రేడియో చెవి మెలేసిన సంగతి. అతను తలాడిస్తూ తింటున్నాడు. నేను వడ్డిస్తున్నాను. పులుసు రెండోసారి వేసుకున్నాక అమ్మ అడిగింది.

"మీరు ఏ ఇంటోళ్ళు నాయనా?"

అతను తల ఎత్తలేదు. "మీరేది అత్తా?" అన్నాడు.

"మేము మల్లెలోళ్ళు."

గిన్నెలో గరిటె పట్టుకుని నేను నిలబడిపోయాను. అతను ముద్ద కలిపి, మళ్ళీ ఆకులో పెట్టాడు. ఆ ముద్దనే చూస్తూ అన్నాడు.

"మాదీ మల్లెలోళ్ళే." తర్వాత, నిదానంగా, "పెద్దమ్మా," అన్నాడు.

అత్త పెద్దమ్మ అయింది. అమ్మ ముఖం ఒక్క క్షణం ఏమీ లేకుండా అయిపోయింది. నేనిక దాని వైపు చూడలేకపోయాను. కానీ మా అమ్మ గట్టిది. కొంగుతో కళ్ళొత్తుకుని, అట్లయితే నువ్వు నా కొడుకువే గదరా అంది. ఈ ఇంట్లో మొగబిడ్డ లేడని ఆయప్పకు కడదాకా కొరతే, ఆయనుండింటే నిన్ను సూసి ఎంత సంతోషపడుండునో అంది. అదీ నిజంగానే అంది. ఆ తర్వాత నావైపు తిరిగింది.

"ఏంటికి నిలబడినావు మే? అన్నకు పులుసు పొయ్యి."

రెండు నెలలు నేను పిలుపు లేకుండా మాట్లాడాను. ఇప్పుడు పిలుపు దొరికింది.

"అన్నా, పులుసు పొయ్యనా?" అన్నాను.

"సాలు మా," అన్నాడు.

ఆ రోజు నేను ఏడవలేదు. కోపం వచ్చింది. ఎన్ని తరాల కిందటో, ఏ ఊళ్ళోనో, ఎవరో ఇద్దరు అన్నదమ్ములు విడిపోయినందుకు కోపం. మూడువేల ఇంటిపేర్లు ఉండగా నాకు నచ్చిన మనిషికి నా పేరే ఉన్నందుకు కోపం. సోమవారం అతను మిషనును ట్రాక్టరుకు తగిలించుకుని గేటు దగ్గర ఆగాడు. పొయ్యొస్తా చెల్లా అన్నాడు. నేను తలూపాను. ఆ మధ్యాహ్నం షెడ్డులోకి పోయి రేకు చూశాను. బొక్క నా బొటనవేలు పట్టేంత ఉంది. అందులోంచి ఎండ కింద పడుతోంది.

ఆడి నెల గాలులు మొదలయ్యాయి. ఖాళీ డిపోలో రంపపు పొట్టు రేగి కళ్ళలో పడేది. ఆడి పద్దెనిమిది పండగ నాడు వత్రాప్ నుంచి వచ్చిన లారీ డ్రైవరు కొబ్బరికాయల మూట ఒకటి దించాడు. అన్న పంపిన సీరు, అదే సారె, ఆడపడుచుకు అన్నాడు. అమ్మ ఆ కాయల్ని వీధి వీధంతా పంచింది. ప్రతి గడపలో నా కొడుకు పంపినాడని చెప్పింది. అమ్మ మళ్ళీ మాట్లాడసాగింది. పొయ్యి దగ్గర, కుళాయి దగ్గర, పడుకునే ముందు, నాన్న ఉన్నప్పటిలాగే. ఇల్లు మళ్ళీ ఇల్లయింది. ఆ మాటల్లో సగం అతని పేరే. నేను కోరుకున్నది దక్కకుండానే, దాని వల్ల వచ్చే సందడంతా మా ఇంటికి వచ్చింది. ఎవరి మీద అలగను?

ఆవణి నెల మొదట్లో అతనే వచ్చాడు, పసుపు పూసిన శుభలేఖతో. పిల్ల ఎవరని అమ్మ అడిగితే, అక్క కూతురేనన్నాడు. నావైపు చూడలేదు. తాళికి మిగతా ముడులు ఎవరు వేస్తారని అమ్మ అడిగింది. మాలో తాళి మొదటి ముడి పెళ్ళికొడుకు వేస్తాడు, మిగతా రెండు అతని ఆడపడుచు వెయ్యాలి. అతని అక్క పిల్ల తల్లి అయిపోయింది కాబట్టి ఆమెకు ఆ పని లేదు. దాయాదుల పిల్ల ఎవరో ఉందని అతను నసిగాడు. అమ్మ ఒప్పుకోలేదు. సొంత చెల్లెలు ఉండగా వేరే పిల్ల ఎందుకంది. అతను అప్పుడు నావైపు చూశాడు. వద్దు అనమన్నట్టే చూశాడు.

"వొస్తాను," అన్నాను. చెల్లెల్ని కదా.

విరుదునగర్‌లో బస్సు మారి వత్రాప్ చేరాం. కొండ కింద, కొబ్బరితోట అంచున పెళ్ళి మండపం. అక్కడ అందరూ తెలుగే. పిల్లలు తెలుగులో కొట్టుకుంటున్నారు, వంటవాడు తెలుగులో తిడుతున్నాడు. మా ఇద్దరిదే అనుకున్న మాట అక్కడ అందరిదీ. అతను ఆ సందడిలో పుట్టి పెరిగినవాడు, నాతో మాట్లాడింది అతనికి పండగేమీ కాదేమో అనుకున్నాను.

సెల్లత్తాయి అని, వాళ్ళ ఇంటి ముసలావిడ, గుమ్మం పక్కన పూలు కడుతోంది. అమ్మ లోపల పెళ్ళికూతురి దగ్గర ఉండగా, నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. కోవిల్‌పట్టి చెల్లెలివి నువ్వేనా అంది. తోడబుట్టకపోయినా చెల్లెలని చెప్పుకుంటాడు, మంచి పిల్లవటగా అంది. తర్వాత అందరూ అడిగేదే అడిగింది.

"మీరు ఏ ఇంటోళ్ళు తల్లీ?"

"మల్లెలోళ్ళు," అన్నాను. మీవాళ్ళమే అని నవ్వబోయాను.

"మల్లెలోళ్ళా!" ఆమె చేతిలో పూల దారం ఆగింది. "మా అత్త మల్లెలోళ్ళ బిడ్డే. మా కొండ్రోళ్ళు మీ ఇంట్లోనే గదా పిల్లను తెస్తారు. మావాడు నీకు వరసైనోడే మే! కట్టుకోవాల్సిందానివి, ముడెయ్య వొచ్చినావు." బోసినోటితో గట్టిగా నవ్వింది.

పక్కన ఉన్నవాళ్ళూ నవ్వారు. నేనూ నవ్వాను.

కొండ్రవాళ్ళు. అతను మల్లెలవాళ్ళ మనిషి కాదు. తమిళంలో అచ్చేసిన శుభలేఖలో ఇంటిపేరే లేదు. మా అమ్మ పులుసు పోసి, ఇంటిపేరు అడిగి, ఆ తర్వాత ఏమడగబోతోందో అతనికి తెలుసు. విరుదునగర్‌లో నేను వినకుండా లేచిపోయిన మాట, మా అమ్మ ముఖం మీద చెప్పవలసి వచ్చేది. పెంచిన అక్కను కాదనలేడు. మా ఆకులో తింటూ మమ్మల్నీ కాదనలేకపోయాడు. అందుకని మా ఇంటిపేరు తీసుకున్నాడు. ముందు మా పేరు అడిగి మరీ తీసుకున్నాడు.

మేళం మోగింది. నన్ను పిలిచారు. పెళ్ళికూతురు సుబ్బులక్ష్మి చిన్నది, తల వంచుకుని కూర్చుంది. అతను మొదటి ముడి వేశాడు. నేను వెనక నిలబడి వంగాను. అతని చెవి నా నోటికి అంత దగ్గరగా అంతకు ముందు రాలేదు, ఆ తర్వాతా రాలేదు. మేకు ముక్క పోయింది ఆ పక్కనే.

"కొండ్రోళ్ళా?" అన్నాను.

మేళంలో ఎవరికీ వినిపించలేదు. అతను ముందుకే చూస్తూ, "ఊ," అన్నాడు.

రెండో ముడి వేశాను. మూడో ముడి వేశాను. ఆ పిల్ల నాకేమీ చెయ్యలేదు, ముడి ఊడకూడదని గట్టిగానే వేశాను.

తర్వాత ఆడపడుచు కట్నంగా చీర ఇవ్వాలి. ఇద్దరూ పళ్ళెం పట్టుకుని నా ముందు నిలబడ్డారు. ఆకుపచ్చ చీర, దాని మీద వక్క, ఆకు. నేను పళ్ళెం పట్టుకోలేదు.

"చీర సరే," అన్నాను. "నా మేకు నాకిచ్చెయ్."

"ఏం మేకు?" అని సుబ్బులక్ష్మి అడిగింది.

"డిపోలో మేకు ఒగటి. ఈమెది," అన్నాడు అతను. ఆ రోజంతటిలో మొదటిసారి నా కళ్ళలోకి చూశాడు. "అది మాత్రం ఇయ్యను."

నేను పళ్ళెం అందుకున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అమ్మ చీర కొంగు విప్పి చూసి, కొడుకు మంచి మర్యాద చేశాడంది. అమ్మకు నేను ఎప్పుడూ చెప్పలేదు. ఆ తర్వాత పదకొండేళ్ళు బతికింది. పోయేదాకా అతన్ని మల్లెలవాళ్ళ బిడ్డనే అనుకుంది. ఆమెకు కొరివి పెట్టింది కూడా అతనే, గుండు చేయించుకుని, మా ఇంటిపేరు చెప్పి. ఎవరూ అడ్డం చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

దామోదరసామి గారి డిపోలో ఇప్పుడు సొంత మిషను ఉంది. నేను ఇంకా దాని ముందే కూర్చుంటాను. నీలం రంగు పలక వస్తే మాత్రం చెయ్యి కొంచెం నిదానిస్తుంది. ఆ మేకు ఏ గూట్లో పెట్టుకున్నాడో, ఏ చొక్కా జేబులోనో ఉండి ఉతుకులో పోయిందో నాకు తెలియదు. అడగలేదు. ఏటా ఆడి పద్దెనిమిదికి కొబ్బరికాయలు వస్తాయి. అన్న పంపాడని వీధిలో పంచుతాను.